వినికిడి లోపం - సంగీతాస్వాదన

వినికిడి లోపం లేదా చెవుడు అనగా మామూలు స్థాయిలో ఉండే ధ్వనులను ఒక చెవితో గాని, రెండు చెవులతో గాని సరిగా వినలేకపోవడం. ఈ లోపం ఉన్నవారు సంగీతాన్ని ఏ విధంగా గ్రహిస్తారు, ఏ విధంగా ఆనందిస్తారు, ఆ ఆనందానికి అడ్డుపడేవి ఏవి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. "చెవిటివాని ముందు శంఖమూదినట్లు" అనే సామెత తెలుగువారికి సుపరిచితమే. చెవుడు వస్తే సంగీతంతో ఋణం తీరిపోయినట్లేనని లోకం అనుకుంటుంది. చెవుడు వచ్చినవారిలో చాలామంది కూడా అలాగే అనుకుని, పాటలపెట్టెను అటక ఎక్కించి ఊరుకుంటారు. ఇది సగమే నిజం. వినికిడి తగ్గినప్పుడు సంగీతమంతా ఒక్కసారిగా పోదు. అందులో కొన్ని అంశాలు ముందుగా పోతాయి, కొన్ని చివరిదాకా నిలుస్తాయి. పోయినవాటిలో కూడా కొన్ని చెవి వలన గాక, చెవికి పెట్టుకున్న యంత్రం వలన పోతాయి. అటువంటివాటిని కొంతవరకు తిరిగి తెచ్చుకోవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచ జనాభాలో 5 శాతానికి పైగా, అనగా సుమారు 43 కోట్ల మందికి, చికిత్సో సహాయమో అవసరమైనంత వినికిడి లోపం ఉన్నది. 60 ఏళ్ళు పైబడినవారిలో నాలుగింట ఒక వంతుకు మించి ఈ లెక్కలోకి వస్తారు. జీవితమంతా పాటలు విన్న తరువాత వినికిడి కోల్పోయినవారు, పుట్టుకతోనే చెవుడు ఉన్నవారు సంగీతాన్ని ఒకే విధంగా ఎదుర్కొనరు. మొదటివారికి పోల్చుకోవడానికి జ్ఞాపకం ఉంటుంది. అదే వారికి ఆసరా, అదే వారికి బాధ కూడా.

చెవిలో సంగీతం

ధ్వని తరంగాలు కర్ణభేరిని తాకి, మధ్య చెవిలోని మూడు చిన్న ఎముకల ద్వారా లోపలి చెవిలోని కాక్లియాను చేరుతాయి. కాక్లియా నత్తగుల్ల ఆకారంలో చుట్టుకొని ఉన్న గొట్టం. దీనిలో సుమారు 3,500 లోపలి రోమకణాలు, 12,000 వెలుపలి రోమకణాలు వరుసలు తీరి ఉంటాయి. లోపలి కణాలు ధ్వనిని మెదడుకు చేరవేస్తాయి, వెలుపలి కణాలు మెల్లని ధ్వనులను పెంచి అందిస్తాయి. హార్మోనియం మెట్ల వలె గొట్టంలో ఒక్కొక్క చోటు ఒక్కొక్క స్వరానికి స్పందిస్తుంది. మొదట్లో తారస్థాయి ధ్వనులు, చిట్టచివర మంద్రస్థాయి ధ్వనులు పలుకుతాయి. ఈ ఏర్పాటును పరిశోధించిన హంగరీ దేశీయుడు జార్జ్ వాన్ బెకెషికి 1961లో నోబెల్ బహుమతి లభించింది.

వినికిడి లోపాలలో ప్రధానంగా రెండు రకాలు ఉన్నాయి. చెవిలో గులిమి గట్టిపడడం, చీము పట్టడం, కర్ణభేరి చిల్లుపడడం వంటి కారణాల వలన ధ్వని లోపలికి చేరకపోవడం మొదటి రకం. ఇందులో ధ్వని తగ్గుతుందే కాని స్వరం చెడదు, కిటికీ తలుపులు మూసిన గదిలో కూర్చొని వీధిలోని పాట విన్నట్లు ఉంటుంది. కారణానికి వైద్యం చేసినా, ధ్వనిని పెంచి ఇచ్చినా సంగీతం చాలావరకు తిరిగి వస్తుంది. రోమకణాలు గాని, శ్రవణ నాడి గాని దెబ్బతినడం రెండవ రకం. వయసుతో వచ్చేది, పెద్ద శబ్దాల వలన వచ్చేది, కొన్ని మందుల వలన వచ్చేది ఈ రకమే. మనిషిలో చనిపోయిన రోమకణాలు మళ్ళీ మొలవవు. సంగీతానికి అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

వయసుతో వచ్చే చెవుడులో తారస్థాయి ధ్వనులు ముందుగా పోతాయి. గాయకుని షడ్జమం 240 హెర్ట్జ్ అనుకుంటే పంచమం 360 వద్ద, తార షడ్జమం 480 వద్ద ఉంటాయి. అంటే మనం పాడుకొనే స్వరాలన్నీ దాదాపుగా 1,000 హెర్ట్జ్‌కు లోపలే ఉంటాయి. కాబట్టి ముసలితనంలో రాగం నిలుస్తుంది. పోయేవి స, ష, త, క వంటి హల్లులు, గజ్జెల చప్పుడు, తాళాల మోత, వీణ తీగ మీటినప్పటి మొదటి మెరుపు. పాట వినిపిస్తోంది కాని మాటలు తెలియడం లేదని పెద్దవారు చెప్పే మాటకు అర్థం ఇదే. వాద్యాల నాదగుణం కూడా పైస్థాయిలోని అనుస్వరాల మీదనే ఆధారపడి ఉంటుంది గనుక వయొలిన్, వేణువు ఒకదానికొకటి దగ్గరగా వినిపించడం మొదలవుతుంది.

వెలుపలి రోమకణాలు పోయినప్పుడు మరొక విచిత్రం జరుగుతుంది. మెల్లని ధ్వని వినిపించదు, కొంచెం పెంచితే వినిపిస్తుంది, ఇంకొంచెం పెంచగానే భరించరానిదిగా మారుతుంది. "గట్టిగా చెప్పు" అని అడిగిన తాతగారే మరుక్షణం "ఎందుకలా అరుస్తావు" అని కోప్పడడం ఇళ్ళలో తరచు చూసేదే. అది చాదస్తం కాదు, చెవి స్వభావం. వినిపించే అంచుకు, సహించే అంచుకు మధ్య ఉండే ఎడం తగ్గిపోయిందన్నమాట. మెల్లని ఆలాపన నుండి తారస్థాయి ఉధృతి వరకు సాగే సంగీతానికి ఆ ఇరుకు సందు చాలదు.

కొందరికి ఒకే స్వరం కుడిచెవికి ఒక శ్రుతిలో, ఎడమచెవికి మరొక శ్రుతిలో వినిపిస్తుంది. మామూలు శ్రోతకు ఇది చిన్న ఇబ్బందే కావచ్చు గాని, వయొలిన్ విద్వాంసునికి వృత్తికే ఎసరు పెట్టగలదు. చెవిలో ఎడతెగని హోరు ఉండడం కూడా ఈ లోపానికి తరచు తోడుగా వస్తుంది. ఆ హోరు ఏదో ఒక స్వరంలో మోగుతుంటే వినే పాటకు అపశ్రుతి పట్టినట్లు ఉంటుంది.

చెవుడుతో జీవించిన స్వరకర్తలు

జర్మన్ స్వరకర్త లుడ్విగ్ వాన్ బీథోవెన్ (1770-1827) పేరు ఈ సందర్భంలో అందరికంటే ముందు వినిపిస్తుంది. ఆయనకు ముప్పై ఏళ్ళు నిండకముందే వినికిడి తగ్గడం మొదలైంది. 1802లో వియన్నా సమీపంలోని హైలిగెన్‌స్టాట్ గ్రామంలో తన సోదరులను ఉద్దేశించి రాసి, పంపకుండా దాచుకున్న లేఖలో ఈ బాధను వెల్లడించాడు. యోహాన్ మేల్‌జెల్ చేసి ఇచ్చిన చెవిగొట్టాలను కొంతకాలం వాడాడు. 1818 నుండి తనను చూడవచ్చినవారు చెప్పదలచినది పుస్తకంలో రాసి చూపేవారు. తొమ్మిదవ సింఫనీ 1824 మే 7న వియన్నాలో తొలిసారిగా ప్రదర్శింపబడింది. వేదిక మీద బీథోవెన్ లయ చూపుతూ నిలబడినా, అసలు నిర్వహణ మిఖాయెల్ ఉమ్లౌఫ్‌ది. వాద్యకారులు బీథోవెన్‌ను గాక తననే చూడాలని ఉమ్లౌఫ్ ముందే చెప్పి ఉంచాడు. ప్రేక్షకుల హర్షధ్వానాలు వినిపించక అటు తిరిగి ఉన్న బీథోవెన్‌ను గాయని కరోలిన్ ఉంగర్ జనం వైపు తిప్పిందని ప్రసిద్ధి.

ఈ కథను చెవుడు మీద సంకల్పం సాధించిన విజయంగా చెప్పడం పరిపాటి. అది అంత సరళం కాదు. బీథోవెన్ చిన్ననాటి నుండి పాతికేళ్ళు దాటేవరకు నిండుగా విన్నవాడు. కాగితం మీద స్వరాలు చూస్తే మనసులో వినిపించేంత సాధన ఉన్నవాడు. రచన సాగింది, కాని పియానో వాద్యకారునిగా ఆయన జీవితం ముగిసిపోయింది.

చెక్ స్వరకర్త బెడ్రిక్ స్మెతానా 1874లో పూర్తిగా చెవిటివాడయ్యాడు. 1876లో రాసిన మొదటి తంత్రీవాద్య చతుష్టయం చివరి భాగంలో, ఉల్లాసంగా సాగుతున్న సంగీతం హఠాత్తుగా ఆగి, వయొలిన్ మీద చాలా పైస్థాయి స్వరం ఒకటి దీర్ఘంగా మోగుతుంది. అది తన చెవిలో మోగిన హోరు. రోగి తన రోగలక్షణాన్ని స్వరం కట్టి లోకానికి వినిపించిన సందర్భాలు అరుదు. ఫ్రెంచి స్వరకర్త గాబ్రియెల్ ఫోరే (1845-1924) కష్టం వేరు. ఆయనకు మధ్యస్థాయి స్వరాలు సన్నగానైనా సరిగా వినిపించేవి, మంద్ర, తార స్థాయులు మాత్రం శ్రుతి తప్పి వినిపించేవి. తన రచనలను ఇతరులు వాయిస్తుంటే కూర్చొని వినడం ఆయనకు శిక్షగా ఉండేది. అమెరికా దేశపు బీచ్ బాయ్స్ బృందానికి చెందిన బ్రయాన్ విల్సన్ (1942-2025)కు కుడిచెవి దాదాపుగా వినిపించేది కాదు. రెండు చెవులకు విడివిడిగా ధ్వనిని పంచే స్టీరియో పద్ధతి వాడుకలోకి వచ్చిన కాలంలో కూడా ఆయన 1966 నాటి పెట్ సౌండ్స్ రికార్డును ఒకే మార్గపు ధ్వనిలో విడుదల చేశాడు.

మాట కోసం చేసిన యంత్రం

వినికిడి యంత్రం పెట్టుకున్న తరువాత మాటలు బాగా తెలుస్తున్నాయి గాని పాట మాత్రం రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్లు ఉందని చాలామంది చెబుతారు. ఇందుకు కారణం యంత్రం చెడిపోవడం కాదు, యంత్రం తన పని తాను చేయడమే. వినికిడి యంత్రాలు మనిషి మాటను దృష్టిలో పెట్టుకొని తయారైనవి. మాటకు, సంగీతానికి ధ్వనిలో పోలిక తక్కువ.

మామూలు సంభాషణ 60-65 డెసిబెళ్ళ దగ్గర ఉంటుంది. మాటలోని అతి గట్టి క్షణాలు కూడా 85కు అటూ ఇటూగా ఆగుతాయి. సంగీతం 100 దాటడం సర్వసాధారణం. 1996 నుండి డిజిటల్ యంత్రాలు వాడుకలోకి వచ్చాయి. వీటిలో మైకు అందుకున్న ధ్వనిని ముందుగా అంకెలుగా మార్చాలి. ఆ మార్పిడి 16 బిట్ల పద్ధతిలో జరిగితే దానికి పట్టే పరిధి 96 డెసిబెళ్ళే. అంతకు మించిన ధ్వని గుమ్మం దగ్గరే నలిగిపోతుంది. గుమ్మంలో నలిగినదాన్ని లోపల ఎన్ని సవరణలు చేసినా బాగుచేయలేము. కెనడాకు చెందిన వినికిడి నిపుణుడు మార్షల్ చేసిన్ ఈ సంగతిని ఎన్నో రచనలలో వివరించాడు. తరువాత వచ్చిన కొన్ని యంత్రాలలో ఈ పరిధిని పెంచారు. మీడ్ కిలియన్ రూపొందించిన కె-యాంప్ అనే పాతకాలపు అనలాగ్ పరికరాన్ని కొందరు సంగీతకారులు చాలాకాలం వదలకుండా వాడుకోవడానికి కారణం కూడా ఇదే.

రెండవ చిక్కు రొదను తగ్గించే ఏర్పాటు. మాట క్షణక్షణం హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. ఫ్యాను, బస్సు ఇంజను ఒకే తీరున మోగుతాయి. కాబట్టి మార్పు లేకుండా సాగే ధ్వనిని యంత్రం రొదగా లెక్కగట్టి తగ్గిస్తుంది. మన కచేరీలో మార్పు లేకుండా సాగేది శ్రుతి. శ్రుతిపెట్టె నాదం యంత్రం లెక్కలో ఫ్యాను రొదకు తోబుట్టువు. ఏ ఆధారం మీద రాగమంతా నిలబడి ఉంటుందో దానినే యంత్రం చెరిపివేయజూస్తుంది. పాశ్చాత్య సంగీతం వినేవారికంటే మన శ్రోతకు ఇందువలన కలిగే నష్టం ఎక్కువ అని చెప్పవచ్చు.

మూడవది కూతను అణచే ఏర్పాటు. యంత్రం నుండి వెలువడిన ధ్వని తిరిగి దాని మైకులోకే చేరితే కీచుమని కూత వస్తుంది. దానిని కనిపెట్టి అణచడానికి యంత్రంలో ఒక భాగం నిరంతరం కాపలా కాస్తుంది. వేణువు మీద దీర్ఘంగా నిలిపిన స్వరాన్ని కూడా ఇది కూతగా భ్రమపడుతుంది. అప్పుడు స్వరం వణికినట్లు, పక్కన మరొక స్వరం పుట్టినట్లు వినిపిస్తుంది. వినిపించని పైస్థాయి ధ్వనులను కిందికి దించి వినిపించే సదుపాయం ఉన్న యంత్రాలూ ఉన్నాయి. హల్లులు తెలియడానికి అది మేలు చేస్తుంది, కాని అనుస్వరాలను వాటి చోటు నుండి కదిలించి స్వరాన్ని చెడగొడుతుంది. ఇక మెల్లనిదాన్ని పెంచి, గట్టిదాన్ని తగ్గించే ఏర్పాటు వేగంగా పనిచేస్తే రాగాలాపనలోని ఎత్తుపల్లాలన్నీ ఒకే మట్టానికి వస్తాయి.

కాబట్టి సంగీతం కోసం యంత్రంలో ప్రత్యేకంగా ఒక అమరిక చేయించుకోవడం అవసరం. అందులో రొద తగ్గించడం, కూత అణచడం, స్వరాలను దించడం వీలైనంతవరకు ఆపివేయాలి, హెచ్చుతగ్గుల సవరణ నెమ్మదిగా జరిగేటట్లు చూడాలి. చాలా యంత్రాలలో ఇది సాధ్యమే, కాని అడగనిదే ఎవరూ చేయరు. వినికిడి నిపుణుని దగ్గరకు వెళ్ళినప్పుడు తాము సంగీతం వింటామని, లేదా వాయిస్తామని చెప్పడం ముఖ్యం. వీలైతే తమకు బాగా తెలిసిన పాట ఒకటి వెంట తీసుకొనిపోయి అక్కడే విని చూడడం మంచిది.

ఖర్చు లేని ఉపాయాలు కూడా కొన్ని ఉన్నాయి. ఇంట్లో పాట వినేటప్పుడు పాటలపెట్టె ధ్వనిని తగ్గించి, చెవి యంత్రం ధ్వనిని పెంచాలి. అప్పుడు గుమ్మం దగ్గర నలగదు. యంత్రం మైకు రంధ్రం మీద పలుచని సెలోటేపు ముక్క అంటిస్తే లోపలికి వెళ్ళే ధ్వని సుమారు 10 డెసిబెళ్ళు తగ్గుతుంది. ఇది చేసిన్ ప్రచారం చేసిన కిటుకు. పాట అయిపోగానే టేపు తీసివేయాలి. లోపం ఒక మాదిరిగా ఉన్నవారు గట్టిగా సాగే కచేరీలో యంత్రాన్ని పూర్తిగా తీసివేసి వినడమే మేలు కావచ్చు. మైకు ద్వారా గాక నేరుగా ధ్వనిని అందించే టెలికాయిల్, బ్లూటూత్ పద్ధతులలో సభలోని దగ్గులు, గుసగుసలు కలవవు.

కాక్లియర్ ఇంప్లాంట్

రోమకణాలు దాదాపు పూర్తిగా పోయినప్పుడు ధ్వనిని ఎంత పెంచినా ఫలితం ఉండదు. అటువంటివారికి శస్త్రచికిత్స ద్వారా కాక్లియాలో విద్యుత్ తీగను అమర్చి శ్రవణ నాడిని నేరుగా ప్రేరేపిస్తారు. 1957లో పారిస్‌లో ఆంద్రె జోర్నో, షార్ల్ ఎయిరియె చేసిన ప్రయోగం దీనికి నాంది. 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బృందం పలు మార్గాలు గల పరికరాన్ని తొలిసారిగా అమర్చింది. చెవిటివారిని మళ్ళీ టెలిఫోనులో మాట్లాడించగలిగిన ఈ పరికరం సంగీతం దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది.

కారణం లెక్కలోనే ఉన్నది. 3,500 రోమకణాలు చేసే పనిని 12 నుండి 22 విద్యుత్ కొనలు చేయవలసి ఉంటుంది. హార్మోనియం మెట్లన్నీ పీకివేసి ఇరవై మెట్లు పెట్టి, అవి కూడా ఒకటి నొక్కితే పక్కవి కలిసి మోగేటట్లు చేస్తే ఎట్లా ఉంటుందో దాదాపు అటువంటి స్థితి. దీనికి తోడు ధ్వని హెచ్చుతగ్గుల రూపురేఖలనే పరికరం పంపుతుంది, లోపలి సన్నని అల్లికను చాలావరకు వదిలివేస్తుంది. మాట అర్థం కావడానికి రూపురేఖలు చాలు. స్వరానికి అల్లిక కావాలి.

ఉదాహరణకు 29వ మేళకర్త అయిన ధీరశంకరాభరణానికి, 65వ మేళకర్త అయిన మేచకల్యాణికి ఉన్న తేడా ఒక్క మధ్యమమే. షడ్జమం 240 హెర్ట్జ్ అయితే శుద్ధ మధ్యమం 320 వద్ద, ప్రతి మధ్యమం సుమారు 338 వద్ద పలుకుతాయి. ఇంప్లాంటు ఉన్నవారిలో చాలామందికి ఇంత దగ్గరి స్వరాల తేడా తెలియదు. రెండు స్వరాలలో ఏది పైది, ఏది కిందిది అని చెప్పడానికి వారికి ఇంకా పెద్ద ఎడం కావలసి ఉంటుంది. గమకాల సంగతి చెప్పనక్కరలేదు. కాని లయ మాత్రం దాదాపు మామూలువారితో సమానంగా తెలుస్తుంది. తెలిసిన పాటలో సాహిత్యం ఉంటే గుర్తుపడతారు. సాహిత్యం, లయ తీసివేసి ఉత్త వరుస వినిపిస్తే తికమకపడతారు. ఎక్కువ వాద్యాలు కలిసి మోగే పాటకంటే, గొంతు, మృదంగం స్పష్టంగా వినిపించే పాట వారికి హాయిగా ఉంటుంది.

అమెరికన్ రచయిత మైకేల్ కొరొస్ట్ అనుభవం ప్రసిద్ధమైనది. చిన్ననాటి నుండి వినికిడి యంత్రంతో ఫ్రెంచి స్వరకర్త రావెల్ 1928లో రచించిన బొలేరోను ఎంతో ఇష్టంగా విన్న ఈయన, 2001లో మిగిలిన వినికిడిని కూడా కోల్పోయి ఇంప్లాంటు పెట్టించుకున్నాడు. బొలేరో ఆసాంతం ఒకే డ్రమ్ము లయ మీద నడుస్తుంది. అదే వరుసను ఒక వాద్యం తరువాత మరొకటి అందుకుంటాయి. ఇంప్లాంటుతో లయ వినిపించింది, వరుస పోయింది, వాద్యాలన్నీ ఒకటే అయ్యాయి. తరువాత ఆయన పరిశోధకులను వెతుక్కుంటూ వెళ్ళి, పక్కపక్క విద్యుత్ కొనల మధ్య ప్రవాహాన్ని పంచి 16 కొనల నుండి 121 మార్గాల వంటి అనుభూతి కలిగించే సాఫ్ట్‌వేర్‌ను తన చెవి మీద పరీక్షింపజేసుకున్నాడు. పూర్వపు వినికిడి రాలేదు గాని, బొలేరో మళ్ళీ సంగీతంలా వినిపించిందని 2005లో రాశాడు. పరికరంలోని భాగాలు మార్చకుండా, ఉత్త సాఫ్ట్‌వేర్ మార్పుతో ఇంత తేడా రావడం గమనింపదగినది.

ఒక చెవికి ఇంప్లాంటు పెట్టించుకున్నవారు రెండవ చెవిలో కొంచెం వినికిడి మిగిలి ఉంటే, అక్కడ మామూలు యంత్రం వాడడం సంగీతానికి బాగా ఉపకరిస్తుంది. మంద్రస్థాయిలో మిగిలిన ఆ కొద్ది వినికిడే స్వరాన్ని పట్టిస్తుంది. పుట్టుచెవుడు ఉండి చిన్నతనంలోనే ఇంప్లాంటు అమర్చిన పిల్లలు పాటలను సంతోషంగా వింటారు, గెంతుతారు, పాడతారు. శ్రుతి కుదరకపోవచ్చు, కాని వారికి పోల్చుకోవడానికి మరొక సంగీతం లేదు. పెద్దవయసులో అమర్చుకున్నవారికి సాధన వలన కొంత మెరుగుదల వస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, బాగా తెలిసిన పాటలను, సాహిత్యం చూసుకుంటూ, కొద్దిసేపు చొప్పున ప్రతిరోజూ వినడం మంచి పద్ధతి. అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన కేట్ ఫెల్లర్ ఈ విషయంలో విస్తృతంగా పరిశోధించింది. ఆపరేషను చేయించుకుంటే మునుపటి వలె కచేరీలు వినవచ్చునన్న ఆశ ముందుగా పెట్టుకోవడం మాత్రం మంచిది కాదు.

స్పర్శ, చూపు

ధ్వని అనేది కంపనం. చర్మం సుమారు 1,000 హెర్ట్జ్ వరకు కంపనాలను పసిగట్టగలదు, 250 హెర్ట్జ్ చుట్టుపక్కల దాని సున్నితత్వం అత్యధికం. సామెతలోని శంఖాన్ని నిజంగా చెవిటివాని ఎదురుగా నిలబడి ఊదితే, చేయి దాని మీద ఉంచిన పక్షంలో అతనికి తెలియకపోదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డీన్ షిబాటా 2001లో ప్రకటించిన పరిశోధనలో, చెవిటివారి చేతికి కంపనం తగిలినప్పుడు మామూలుగా వినికిడికి పనిచేసే మెదడు భాగం కూడా చురుకుగా ఉన్నట్లు తేలింది.

స్కాట్లాండుకు చెందిన ఎవెలిన్ గ్లెనీ (జననం 1965) పన్నెండేళ్ళ వయసుకు దాదాపు పూర్తిగా చెవిటిదైంది. ఆమె గురువు రాన్ ఫోర్బ్స్ పెద్ద డ్రమ్ములు వాయిస్తూ, సంగీతపు గది గోడ మీద ఆమె చేతులు పెట్టించేవాడు. ఏ స్వరం శరీరంలో ఎక్కడ తెలుస్తుందో ఆమె ఆ విధంగా నేర్చుకున్నది. కింది స్వరాలు కాళ్ళలోను, పై స్వరాలు ముఖం, మెడ, ఛాతీలోను తెలుస్తాయని ఆమె చెబుతుంది. లండన్‌లోని రాయల్ అకాడమీలో చదివి తాళవాద్యాలను ఏకవాద్య కచేరీ స్థాయికి తెచ్చింది. తరచుగా పాదరక్షలు లేకుండా వాయిస్తుంది. 1989లో గ్రామీ పురస్కారం, 2015లో పోలార్ సంగీత బహుమతి అందుకున్నది. 2012 లండన్ ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవంలో వాయించింది. చెవిటి సంగీతకారిణి అని తనను వింతగా చూడడం ఆమెకు నచ్చదు. చూపు, వినికిడి రెండూ లేని హెలెన్ కెల్లర్ 1924లో బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ రేడియో ప్రసారాన్ని, మూత విప్పిన స్పీకరు పొర మీద వేళ్ళు ఉంచి అనుభవించింది.

కర్ణాటక సంగీతంలో కంటికి కనిపించే భాగం చాలా ఉన్నది. ఆది తాళంలో ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, ఆపై రెండుసార్లు దెబ్బ, విసురు; ఈ 8 అక్షరాలను గాయకుడు తొడ మీద, ముందు వరుసలోని రసికులు తమ ఒళ్ళో వేస్తూనే ఉంటారు. లయను ఇంత బాహాటంగా చేతితో చూపే సంప్రదాయం ఉండడం వినికిడి తగ్గినవారికి గొప్ప వరం. వేదికకు దగ్గరగా, గాయకుని పెదవులు, మృదంగ విద్వాంసుని వేళ్ళు కనిపించేటట్లు కూర్చుంటే తెలిసిన కృతిని సులభంగా అనుసరించవచ్చు. మృదంగం ఎడమవైపు నాదం మంద్రమైనది, చర్మానికి బాగా తెలుస్తుంది. కుడివైపు మధ్యలో ఉండే నల్లని కరణ వలన, మామూలు డప్పులకు భిన్నంగా, స్పష్టమైన స్వరం పుడుతుందని చంద్రశేఖర వేంకట రామన్ 1920లో నేచర్ పత్రికలో వివరించాడు. డప్పు మోత ఛాతీకి తగులుతుంది. చెక్క వేదిక కంపనాలను పాదాలకు బాగా చేరవేస్తుంది, సిమెంటు నేల చేరవేయదు.

సైగలలో పాట

సైగల భాష మాతృభాషగా గల బధిరులలో కొందరు సంగీతాన్ని లోటుగా భావించరు. సైగల లయ, కదలిక, ముఖకవళికలే వారికి పాట. ఫిన్లాండుకు చెందిన సైన్‌మార్క్ సైగలతో ర్యాప్ పాటలు ప్రదర్శించి పేరుపొందాడు. 2022 సూపర్ బౌల్ విరామ ప్రదర్శనలో శాన్ ఫోర్బ్స్, వారెన్ స్నైప్ అనే ఇద్దరు బధిర కళాకారులు అమెరికన్ సైగల భాషలో పాల్గొన్నారు. మన జాతీయ గీతానికి సైగల రూపాన్ని 2017 ఆగస్టులో విడుదల చేశారు.

భారతదేశంలో

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోను మాటకు సంబంధించిన పౌనఃపున్యాల వద్ద 70 డెసిబెళ్ళ లోపం ఉంటే బధిరులు, 60-70 ఉంటే వినికిడి తగ్గినవారు. ఇక్కడ కూడా కొలత మాటదే. మామూలు వినికిడి పరీక్ష 250 నుండి 8,000 హెర్ట్జ్ వరకే జరుగుతుంది. చట్టం దృష్టిలో లోపమే లేని వయొలిన్ విద్వాంసుడు తన వాద్యాన్ని సరిగా వినలేని స్థితిలో ఉండవచ్చు.

ముంబైలో 1983లో ఏర్పడిన ఆలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1960ల నుండి ఈ రంగంలో పనిచేస్తున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో చిన్నపిల్లల కాక్లియర్ ఇంప్లాంటు ఆపరేషన్లు కూడా చేర్చబడినాయి. ఆపరేషను తరువాత పిల్లలకు మాట నేర్పే శిక్షణలో పాటలు, చప్పట్లు, తాళం వాడుకోవడం లయను పట్టించడానికి బాగా పనికివస్తుంది.

మిగిలిన వినికిడిని కాపాడుకోవడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 డెసిబెళ్ళయితే 4 గంటలే. లోపం ఉన్నవారు తక్కువగా వినిపిస్తోందని ధ్వనిని పెంచుతూ పోతారు గనుక వారికి ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఇయర్‌ఫోన్ల బదులు చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు బయటి రొదను ఆపుతాయి, అందువలన ధ్వని పెంచే అవసరం తగ్గుతుంది. అన్ని స్వరాలను సమానంగా తగ్గించే సంగీతకారుల చెవిబిరడాలు 1988 నుండి లభిస్తున్నాయి. దూది పెట్టుకుంటే పైస్థాయి మాత్రమే తగ్గి సంగీతం మసకబారుతుంది, రక్షణ కూడా అంతంతమాత్రమే. రాక్ సంగీతకారులలో ఎరిక్ క్లాప్టన్ తన వినికిడి తగ్గుతున్నదని 2018లో చెప్పాడు. ఎసి/డిసి గాయకుడు బ్రయాన్ జాన్సన్ వినికిడి పూర్తిగా పోయే ప్రమాదం ఉందన్న వైద్యుల సలహాతో 2016లో పర్యటన మధ్యలో తప్పుకున్నాడు. ఒక్కసారిగా వినికిడి తగ్గినా, ఒక చెవిలోనే హోరు మొదలైనా ఆలస్యం చేయక వెంటనే వైద్యునికి చూపించుకోవాలి. రోజులు గడిస్తే వైద్యం ఫలించే అవకాశం తగ్గిపోతుంది.

చలనచిత్రాలలో

సంజయ్ లీలా భన్సాలీ తీసిన హిందీ చిత్రం ఖామోషీ (1996) బధిరులైన తల్లిదండ్రులకు పుట్టిన గాయని కథ. సుకుమార్ దర్శకత్వంలో వచ్చిన తెలుగు చిత్రం రంగస్థలం (2018)లో కథానాయకుడు చిట్టిబాబుకు వినికిడి తక్కువ. పొలాలకు నీరు పెట్టే ఇంజను నడిపే అతనిని సౌండ్ ఇంజనీర్ అంటారు. సౌండ్ ఆఫ్ మెటల్ (2019) వినికిడి కోల్పోయిన డ్రమ్ము వాద్యకారుని కథ. ఇంప్లాంటు అమర్చిన తరువాత సంగీతం ఎంత కర్కశంగా వినిపించగలదో ఈ చిత్రంలో ప్రేక్షకులకు నేరుగా వినిపిస్తారు. 2022లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందిన కోడా (2021)లో కూతురు పాడుతుండగా ధ్వని ఆగిపోయి, బధిరుడైన తండ్రికి ఎట్లా ఉంటుందో అట్లాగే సభ అంతా నిశ్శబ్దంగా కనిపిస్తుంది. ఆ రాత్రి తండ్రి కూతురిని మళ్ళీ పాడమని అడిగి, ఆమె కంఠం మీద చేతులు ఉంచి ఆ పాటను తెలుసుకుంటాడు.